ఔ సామీ

గిడ్డయ్య నోట్లో రెండు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఔ సామీ. ఎవరు పిలిచినా, ఏమడిగినా, ముందు ఆ రెండూ బయటపడాల్సిందే. అసలు మాట తర్వాత. వాటికి అవునని అర్థం కాదు. వింటున్నాను, ఇక్కడే ఉన్నాను, కోప్పడవద్దు అని అర్థం. "సద్ది తింటివా గిడ్డయ్యా?" అంటే "ఔ సామీ, ఇంగా తినలే" అనేవాడు. పడమటి కర్నూలు ఊళ్ళలో కూలి చేసుకుని బతికేవాళ్ళు ఎవరూ దానికి నవ్వరు. అందరి నోళ్ళూ అంతే.

అది గిడ్డయ్యకు నాయన నేర్పిన చదువు. ఆరేడేళ్ళప్పుడు మునసబు చావిడికి తోడు తీసుకుపోతూ చెప్పాడు. "అడిగినోళ్ళు నోరు మూసేలోపల నువ్వు ఔ అనల్లరా. ఆలస్యమైతే పొగరనుకుంటారు." పొగరనుకుంటే ఏమవుతుందో నాయన వీపు మీద రాసి ఉంది. గిడ్డయ్యకు అక్షరాలు రావు కానీ అది మాత్రం బాగా చదివాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు అది. గుడారాల్లో నడుస్తున్న సర్కారు కచేరీలకు గోడలు లేస్తున్నాయి. గోడల మధ్య పరిచేదానికి నాపరాళ్ళు కావాలి. లారీలు వచ్చి గని గట్టున వరసగా నిలబడి హారను కొట్టేవి. గని యజమానిని అందరూ గనిరెడ్డి అనేవాళ్ళు. అసలు పేరు పలికే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన నెలకొకసారి జీపులో వచ్చి, గట్టు మీదనుంచే చూసి పోయేవాడు. గనిలో ఆయన నోరు మేస్త్రీ దాసన్న.

నాపరాయి ఒకదాని మీద ఒకటి పేర్చిన రొట్టెల మాదిరి పొరలు పొరలుగా ఉంటుంది. పై పొరలు చెత్త రాయి. నునుపైన రాయి అడుగున. పద్ధతిగా చేస్తే పైనుంచి మెట్లు మెట్లుగా దించుకుంటూ రావాలి. చెత్త రాయి తీయడానికి రోజులు దండగని దాసన్న అడుగునే తొలిపించాడు. పైన చరియ ఇంటి చూరు మాదిరి ముందుకు పొడుచుకుని నిలబడిపోయింది. దాని కింద మనుషులు.

గిడ్డయ్య పని రాయిని పలికించి చూడడం. చిన్న సుత్తితో తట్టి వింటాడు. మంచి రాయి కంచు మాదిరి మోగుతుంది. లోపల బీట ఉంటే పగిలిన కుండ మాదిరి పలుకుతుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. మనుషుల మాటలకు అతను ఔ అనడమే గానీ, రాయి చెప్పింది ఎప్పుడూ తప్పు వినలేదు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున చరియను కిందనుంచి తట్టాడు. పగిలిన కుండ. రెండు బారలు పక్కకు పోయి తట్టాడు. పగిలిన కుండే. దాసన్న దగ్గరికి పోయాడు.

"మేస్త్రీ, చరియ పలకలే. లోపల బీటుండాది. పైనుంచి దించల్ల."

"నువ్వేమన్నా ఇంజనీరా? తట్టేది నీ పని, దించేదీ పెట్టేదీ నా పని. గట్టు మీద మూడు లారీలు నిలబడుండాయి. పో, పని చూడుపో."

"ఔ సామీ."

పోయాడు. పని చూశాడు. మూడో రోజు మధ్యాహ్నం చరియ కొస నుంచి పందిరంత ముక్క విరిగి ఉరుకుందు అనేవాడి మీద పడింది. ఇరవై ఆరేళ్ళవాడు. అతని పెళ్ళాం హనుమంతమ్మ అప్పుడే గట్టు మీద రాళ్ళ గంప దించుతోంది. రాయి తీసి మనిషిని బయటికి లాగేసరికి పొద్దు వాలింది. విరిగింది కొస మాత్రమే. మిగతా చరియ అట్లనే నిలబడి ఉంది. ఆ సాయంత్రం గిడ్డయ్య దాన్ని మళ్ళీ తట్టి చూశాడు. పలుకు మారలేదు.

మామూలుగా అయితే శవంతోపాటే సంగతీ పూడిపోయేది. ఈసారి పూడలేదంటే కారణం బాలస్వామి. సంత వీధిలో బట్టలు కుట్టేవాడు. బెల్లం చుట్టి వచ్చిన పాత పత్రికలు విప్పి చదివి చదువు నేర్చుకున్న మనిషి. కర్నూలుకు మూడు అర్జీలు రాశాడు. మూడోదానికి జవాబొచ్చింది. ఒక అధికారి వచ్చి విచారణ చేస్తాడు, అంతవరకు చరియ కింద పని ఆపాలి.

సాక్షి గిడ్డయ్యే. చరియ పలకలేదని ముందే కనిపెట్టినవాడు అతనొక్కడే. ఆ మాట అధికారి ముందు చెబితే చరియను పైనుంచి దించమని ఉత్తర్వు వస్తుంది. చెప్పకపోతే ముప్పై మంది మళ్ళీ దాని కిందికి దిగాలి.

బాలస్వామి అతన్ని మధ్యాహ్నం పూట మిషను పక్కన చాప మీద కూర్చోబెట్టుకుని తర్ఫీదు మొదలుపెట్టాడు. విచారణకు ఇరవై రోజులుంది.

"నేనే అధికారిని అనుకో. నీ పేరేమి?"

"ఔ సామీ, గిడ్డయ్య."

"పేరడిగితే ఔ ఏంటికప్పా? ఇంగోసారి. నీ పేరేమి?"

"ఔ సా..."

బాలస్వామి ఒక గుండీ తీసి రేకు డబ్బాలో వేశాడు. టంగుమంది. "నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా ఒక గుండీ. చూద్దాం, పొద్దు గుంకేలోపల ఎన్ని చొక్కాలకొస్తాయో."

మొదటి రోజు పదకొండు చొక్కాలకు సరిపోయేన్ని పడ్డాయి. రవిక కుట్టించుకోవడానికి వచ్చిన లక్ష్మక్క కాసేపు నిలబడి చూసింది. "ఈయప్పతో ఆ మాట మాన్పిచ్చేదానికంటే ఎనుముతో నెమరు మాన్పిచ్చేది సులువు," అంది.

"ఔ సామీ," అన్నాడు గిడ్డయ్య.

టంగుమంది. లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది.

చూసేవాళ్ళకు నవ్వులాట. గిడ్డయ్యకు కాదు. ఆ రెండు మాటలు గొంతులో పట్టి ఆపితే చెమట పోసేది. వాటి వెనక భయం ఉందని అతనికి తెలుసు. పది రోజులు ఆపి చూసినాక భయం వెనక ఇంకొకటి తగిలింది. కోపం. నలభై ఏళ్ళు తన లోపలే కాపురమున్న మనిషిని అప్పుడే మొదటిసారి చూసినట్టు బిత్తరపోయాడు. ఎవరి మీద కోపమో కూడా తెలియదు. దాసన్న మీదనా, గనిరెడ్డి మీదనా, నేర్పిన నాయన మీదనా, ఆ పొద్దున "ఔ సామీ" అని వెనుదిరిగి పోయిన తన మీదనా. అన్నిటికంటే చివరిదే ఎక్కువ మండించేది. చరియ పలకలేదని ఉరుకుందుకైనా ఒక మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మేస్త్రీ పో అన్నాడు, పోయాడు.

పదిహేను రోజులకు డబ్బా చప్పుడు తగ్గింది. ఒకరోజు ఇంట్లో పెళ్ళాం ఈరక్క సంగటి ముద్ద పెట్టి, "కారం సరిపోయెనా?" అని అడిగింది. గిడ్డయ్య ముద్ద మింగి, ఒక గుక్క నీళ్ళు తాగి, "లేదు" అన్నాడు.

ఈరక్క గరిటె పట్టుకుని అట్లే నిలబడింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ నోటినుంచి ఆ మాట రావడం ఇదే. "జొరమొచ్చెనా ఏమి?" అని నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. మళ్ళీ రోలు దగ్గర కూర్చుని ఇంకో నాలుగు మిరపకాయలు నూరింది. నూరుతూ తనలో తాను నవ్వుకుంది.

విచారణ ముందు రోజు డబ్బాలో ఒక్క గుండీ కూడా పడలేదు. బాలస్వామి కళ్ళెర్రజేశాడు, బల్ల గుద్దాడు. "ఎవడ్రా నువ్వు? నీకేం తెలుసునని వస్తివిరా?"

గిడ్డయ్య జంకలేదు. "నా పేరు గిడ్డయ్య. రాయి పలికిస్తా. ఉరుకుందు చచ్చేదానికి మూడు దినాల ముందే చరియ పలకలేదని మేస్త్రీకి చెప్పినా. పని చెయ్యమని పంపిచ్చె. చరియ ఇంగా పడేట్లే ఉండాది. పైనుంచి దించల్ల."

బాలస్వామి మిషను మీద తల ఆనించాడు. తర్వాత, "ఇంత చాలప్పా," అన్నాడు.

విచారణ ముసాఫిరు బంగళాలో, కర్నూలు అధికారులు వస్తే దిగే చోట. అధికారి కళ్ళద్దాల మనిషి, సన్నగా ఉన్నాడు. ఆయన అరవలేదు. కళ్ళెర్రజేయలేదు. పుస్తకం మాదిరి తెలుగులో, "లోపలికి రావయ్యా. ఆ కుర్చీలో కూర్చో," అన్నాడు.

గిడ్డయ్య కుర్చీని చూశాడు. బూట్లేసుకున్న మనిషి ముందు కుర్చీ మీద కూర్చోవడం ఎట్లనో బాలస్వామి నేర్పలేదు.

"పరవాలేదు, కూర్చో. ఎండన పడి వచ్చావు. మంచినీళ్ళు తాగుతావా?"

బంట్రోతు గాజుగ్లాసులో నీళ్ళు తెచ్చిపెట్టాడు. గిడ్డయ్య కుర్చీ కొసన కూర్చుని తాగాడు. కోపానికి ఎదురు నిలిచేదానికి ఇరవై రోజులు కాళ్ళు గట్టి చేసుకుని వచ్చిన మనిషి, ఒక గ్లాసు నీళ్ళకు కరిగిపోయాడు. ఈయప్ప మంచోడు, ఈయప్పకు మర్యాద తప్పగూడదు అనుకున్నాడు. మర్యాదంటే అతనికి తెలిసింది ఒకటే.

పక్క బల్ల దగ్గర గుమాస్తా ఇంగ్లీషులో రాసుకుంటున్నాడు. తలుపు దగ్గర దాసన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీ పేరు గిడ్డయ్యేనా?"

"ఔ సామీ."

"చనిపోయిన ఉరుకుందు నీకు తెలిసినవాడేనా?"

"ఔ సామీ."

"చరియ కిందికి పోవద్దని మేస్త్రీ ముందే హెచ్చరించాడట కదా?"

"ఔ సామీ. మేస్త్రీకి నేను..."

"ఆగవయ్యా. ఒకటొకటిగా పోదాం. ఆ మాట వినకుండా ఉరుకుందు తనంతట తానే దిగాడు. అంతేనా?"

"ఔ సామీ, అదే సామీ నేను చెప్పల్లనేది..."

గుమాస్తా కలం ఔ దగ్గరే ఆగింది. కాగితం తిప్పాడు.

"మిగిలిన చరియ గట్టిగానే ఉందని మేస్త్రీ అంటున్నాడు. రాయి తట్టి గట్టితనం చెప్పేది నువ్వేనట కదా?"

"ఔ సామీ."

గిడ్డయ్య కాచుకుని ఉన్నాడు. ఇవన్నీ పలకరింపులు అనుకున్నాడు. పెద్దమనుషులు ముందు ఇట్ల నాలుగు మాటలు అడుగుతారు, తర్వాత ఇప్పుడు చెప్పు అంటారు. అప్పుడు తన మాట చెప్పాలి. అది గొంతులో వరసగా పేర్చి ఉంది. నా పేరు గిడ్డయ్య. రాయి పలికిస్తా.

గుమాస్తా లేచి వచ్చి సిరా డబ్బీ ముందర పెట్టాడు. గిడ్డయ్య బొటనవేలు పట్టుకుని కాగితం మీద అద్దాడు.

"ఇప్పుడు చెప్పమంటారా సామీ?" అని అడిగాడు గిడ్డయ్య.

అధికారి కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు. "చెప్పేశావు కదయ్యా," అన్నాడు.

బయట గోడ నీడన బాలస్వామి, హనుమంతమ్మ కాచుకుని ఉన్నారు.

"చెప్పినావా?" అన్నాడు బాలస్వామి.

"అడిగినారు. ఔ అంటి. నేను చెప్పేలోపల వేలు పెట్టిచ్చుకునిరి."

"దేనికి ఔ అంటివి?"

గిడ్డయ్య ఒక్కొక్క ప్రశ్నే అప్పజెప్పాడు. రాయి పలుకు మాదిరే మనిషి మాట కూడా అతనికి చెవిలో నిలిచిపోతుంది. చెబుతూ చెబుతూ మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. అప్పుడు వినపడింది, లోపలి బీట.

బాలస్వామి లోపలికి పరుగెత్తాడు. వాంగ్మూలం ముగిసింది, అయ్యగారు భోజనానికి కూర్చున్నారు అని బంట్రోతు వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు.

హనుమంతమ్మ ఏడవలేదు. "నా మొగుడు చెవిటోడా గిడ్డన్నా?" అని అడిగింది. "వద్దని చెప్తే ఇనపడకుండా పాయనా వానికి? నువ్వు ఆడనే ఉంటివి. నువ్వే ఔ అంటివి."

గిడ్డయ్య నోరు తెరిచాడు. ఆ రెండు మాటలే వచ్చేట్టున్నాయి. మూసుకున్నాడు.

ఇక్కడ బాలస్వామిని కూడా ఒక మాట అనాలి. అరిచేవాడి ముందు ఎట్ల నిలబడాలో నేర్పాడు. కాగితం చేతిలో ఉన్నవాడికి అరవాల్సిన పనే లేదని అతనికి తోచలేదు. జవాబు నేర్పాడు గానీ, ప్రశ్న లోపలే జవాబు పెట్టి అడుగుతారని చెప్పలేదు. చదువుకున్నవాళ్ళు ఇట్లాంటి చోటే తప్పుతారు. తప్పి, చదువు రానివాడు చెడగొట్టాడంటారు. బాలస్వామి ఆ మాట అనలేదు. అంతవరకు మంచివాడే. కానీ వారం రోజులు గిడ్డయ్య కనబడితే మిషను తొక్కుతూ తల ఎత్తలేదు.

పన్నెండో రోజు కాగితం వచ్చింది. దాసన్న గట్టు మీద నిలబడి అందరినీ పిలిచి చదివాడు. మృతుని అజాగ్రత్తే మరణానికి కారణం. మిగిలిన చరియ గట్టిగా ఉన్నట్టు అనుభవజ్ఞుడైన కార్మికుడు ధ్రువపరిచినందున పని సాగించవచ్చు.

"అనుభవజ్ఞుడంటే నువ్వేనప్పా గిడ్డయ్యా," అన్నాడు దాసన్న కాగితం మడుస్తూ. "కర్నూలు దాకా నీ పేరు పాయ. ఇంగ మాతో మాట్లాడతావో లేదో."

కొందరు నవ్వారు. చరియ కిందికి దిగాల్సినవాళ్ళే నవ్వారు. మనిషి ఎందుకు అట్ల నవ్వుతాడో నాకు తెలుసు, మీకూ తెలుసు.

"రేపు సంత. ఎల్లుండి పొద్దున అందురూ కిందికి దిగల్ల. హనుమంతమ్మా, ఉరుకుందు తావు ఖాళీగుండాది. కిందనుంచి గంపలు నువ్వే మొయ్యి."

ఇంట్లో ఇద్దరు బిడ్డలు. హనుమంతమ్మ తల ఊపింది.

మరునాడు సంత. గనిలో నరపురుగు లేదు. గిడ్డయ్య మూలనున్న నిలువెత్తు గడారి, సమ్మెట, ఇనుప చీలల సంచి తీశాడు.

"సంత నాడు గడారి ఏంటికి? యాడికి పోతాండావు?" అంది ఈరక్క.

"గనికి."

"మేస్త్రీ రమ్మన్న్యాడా?"

"లేదు."

ఈరక్క అతని మొహం చూసింది. వాకిట్లోంచి పక్కకు జరిగింది.

చరియ పైకెక్కి గిడ్డయ్య మోకాళ్ళ మీద కూర్చుని బీట వెతికాడు. మట్టి గోకితే కనబడింది, వేలు దూరేంత. దానికి ఇవతల, గట్టి రాయి మీద నిలబడి, బీటలో మూరకొక చీల దిగగొట్టాడు. ఒక చీలను కొట్టి పక్కదానికి, పక్కదాన్ని కొట్టి ఆ పక్కదానికి. పొద్దు నెత్తికెక్కింది. సమ్మెట దెబ్బకు దెబ్బకు రాయి గొంతు మారుతోంది. మొదట బొంగురుగా పలికింది, తర్వాత మూలిగింది, తర్వాత ఏమీ పలకలేదు. అప్పుడు బీటలో గడారి పెట్టి, తన బరువంతా దాని మీద వేశాడు.

చరియ పోయింది. ఆ చప్పుడుకు సంతలో ఎద్దులు తాళ్ళు తెంపుకున్నాయట. దుమ్ము లోపలనుంచి ఒక రాతి చెక్క ఎగిరి వచ్చి గిడ్డయ్య దవడ మీద తగిలింది. రెండు పళ్ళు ఊడాయి. అతను పారిపోలేదు. గడారి ఒళ్ళో పెట్టుకుని రక్తం ఉమ్ముతూ, ఎవరైనా వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.

దాసన్న హెడ్డు కానిస్టేబుల్‌ని, ఇంకో ఇద్దరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"నువ్వేనా పడగొట్టింది?" అన్నాడు హెడ్డు.

"ఔ సామీ."

దాసన్న నవ్వాడు. ఈసారి ఆ మాటకు నిజంగానే అవునని అర్థమని అతనికి తట్టలేదు.

"గనిరెడ్డి మీద కక్షతోనే కదా?"

"కాదు సామీ."

హెడ్డు చేతిలో పెన్సిల్ ఆగింది. "ఏమంటివి?"

"కాదు. అది పడేదే. ఎవురి నెత్తి మీదో పడకముందే పడగొట్నా. రాసుకోండి."

దాసన్న నవ్వు పోయింది. హెడ్డు తను రాయదలుచుకున్నదే రాసి కాగితం ముందుకు చాపాడు. "వేలు పెట్టు."

"ఏం రాసినారో చదవండి."

"చదివేదానికి నువ్వేమన్నా కలెక్టరువా?"

"చదవందే పెట్టను."

దెబ్బ దవడ మీదనే పడింది. మళ్ళీ అడిగారు. మళ్ళీ పెట్టనన్నాడు. మూడోసారి మాట రాలేదు, తల అడ్డంగా ఊపాడు. చివరికి ఇద్దరు పోలీసులు చెయ్యి విరిచి పట్టుకుని వేలు అద్దించారు. ముద్ర అలికిపోయింది. అట్లాంటి ముద్ర చెల్లుతుందా అని అడగకండి. చెల్లింది. తర్వాత ఎనిమిది నెలలు జైలుశిక్ష వేశారు.

మరునాడు పొద్దున బేడీలు వేసి బస్సు ఆగే చోట నేల మీద కూర్చోబెట్టారు. ఈరక్క సంగటి మూట తెచ్చి ఒళ్ళో పెట్టింది. "కారం ఎక్కువేసినా," అంది. తినే నోరు లేదని తెలిసీ అంది. బాలస్వామి అవతల టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కర్నూలుకు నాలుగో అర్జీ రాశానని చెప్పడానికి వచ్చి, చెప్పలేదు.

హనుమంతమ్మ గనికి పోతూ పోతూ ఆగింది. గంప దించి, చెంబుతో అతని దోసిట్లో నీళ్ళు పోసింది. సగం నీళ్ళు వాచిన పెదవుల మీదనుంచి కారిపోయాయి.

"నొప్పిగుండాదా అన్నా?"

"ఔ," అన్నాడు గిడ్డయ్య.

అంతే. సామీ లేదు. ఆమె గంప ఎత్తుకుని పోయింది. ఆ రోజూ, ఆ తర్వాత చాలా రోజులూ, గనిలో దిగినప్పుడల్లా అలవాటు కొద్దీ తలెత్తి చూసేదట. పైన ఆకాశం తప్ప ఏమీ ఉండేది కాదు.

గనిరెడ్డికి నష్టమొచ్చిందని మీరు అనుకుంటే పొరపాటు. పడిన చరియలో చెత్త రాయి అనుకున్నది సగం మంచిదే. కొట్టే పని లేకుండా విడివిడిగా పరుచుకుని ఉంది. రెండు నెలలు లారీలు దాన్నే మోశాయి. అంతా కర్నూలుకే పోయింది. ఏ కచేరీలో పరిచారో తెలియదు. ఈ పొద్దున ఆ బండల మీద ఎంతమంది నిలబడి ఔ సామీ అంటున్నారో కూడా తెలియదు.